మూడో మాట

విశ్వపతిగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ఇంగ్లీషు మాటకి అర్థం అడిగితే వెంటనే చెప్పేవారు కాదు. "దొరికినప్పుడు చెప్తాను" అనేవారు. ఆ దొరకడం ఒక్కోసారి ఆ సాయంత్రమే జరిగేది, ఒక్కోసారి నెలలు పట్టేది. కాలేజీలో పాఠాలు చెప్పడం మానుకున్నాక ఆయన ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు ఒకటి నెత్తికెత్తుకున్నారు. శిష్యుడు గోవర్ధనం ఆయన ఇంట్లోనే ఉండి రాతపని చూసేవాడు. చదువుకున్నవాడు, మెత్తని మనిషి. పనివాళ్లని సైతం 'మీరు' అనేవాడు.

ఒక పుష్యమాసంలో ఇద్దరూ గోదావరి ఎగువన ఏదో పని చూసుకుని లాంచీలో రాజమండ్రి తిరిగి వస్తున్నారు. తెల్లవారుతుండగా లాంచీ కదిలింది. మంచు దట్టంగా ఉంది. గోవర్ధనం పరుపుచుట్ట విప్పి, తన కొత్త ఉన్ని రగ్గు ఒళ్లో పెట్టుకుని కూర్చుని గురువుగారిని అడిగాడు.

"మూడు మాటల దగ్గర ఆగిపోయానండి. రూడ్, సర్లీ, మీన్. మొదటిదానికి మర్యాద తెలియనివాడని రాశాను. రెండోదానికి మొహం గంటు పెట్టుకుని ఉండేవాడని రాశాను. మూడోదే కుదరడం లేదు. నీచుడు అంటే మరీ బరువైపోతోంది, పిసినారి అంటే చాలడం లేదు. అసలు ఈ మూడింట్లో ఏది ఎక్కువ చెడ్డదండీ?"

"దొరికినప్పుడు చెప్తాను," అని విశ్వపతిగారు తన కంబళి భుజాల మీదుగా కప్పుకుని, నది చూడడానికి లాంచీ మేడమీదికి వెళ్లిపోయారు.

కొంతదూరం పోయాక ఇసుకతిప్ప మీద నిలబడి ఎవరో చీరకొంగు ఊపడం కనిపించింది. అది రేవు కాదు. అయినా సరంగు లాంచీని ఒడ్డుకి తిప్పాడు. మోకాలిలోతు నీళ్లలో నడిచి వచ్చి ఎక్కిన మనిషి పేరు నూకాలు. వెదురు కొట్టే కూలీల గుడిసెల్లో ఉంటోంది. మొగుడు అడవి లోపల పనిలో ఉన్నాడు, కబురు ఇంకా అందలేదు. చంకలో మూడేళ్ల పిల్లాడు. చలిజ్వరం. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

లాంచీ గుమస్తా ఆమె మీద విరుచుకుపడ్డాడు. "ఏమే, ఇన్నాళ్లూ ఏం చేశావ్? పీకల మీదికి వచ్చాక లాంచీ గుర్తొచ్చిందా? మీలాంటి వాళ్లకి పిల్లలెందుకే?"

నూకాలు తల దించుకుంది. మందిప్పించానని ఏదో చెప్పబోయింది, అతను వినలేదు. ఇంజను గది పక్కన, వెచ్చగా ఉండే చోట ఒక వ్యాపారి నడుం వాల్చి ఉన్నాడు. గుమస్తా అతని కాలు తన్ని లేపాడు. "లే. నీకేం జ్వరం లేదుగా. మూట తీసుకుని అవతలికి పో." ఆ వ్యాపారి గొణుక్కుంటూ లేచాడు. గుమస్తా నూకాలుని అక్కడ కూర్చోబెట్టి, ఎక్కడినుంచో నాలుగు గోనెపట్టాలు తెచ్చి పిల్లాడి మీద పడేశాడు. అవి సగం తడిగా ఉన్నాయి. "ఉన్నవి ఇవే. ఏడవకుండా కప్పు," అని తిట్టుకుంటూ పైకి పోయి పిల్లాడి సంగతి సరంగుతో చెప్పాడు.

సరంగు సంగతి ఆ దారిన తిరిగేవాళ్లందరికీ తెలుసు. పలకరిస్తే పలకడు. మొహం చూస్తే ఎవరితోనో తగువాడి వచ్చినట్టుంటుంది. గుమస్తా చెప్పింది విన్నాడో లేదో తెలియదు. కాని ఆ తర్వాత వచ్చిన రేవులో లాంచీ ఆగలేదు. దాని తర్వాతి రేవులోనూ ఆగలేదు. దిగవలసినవాళ్లు గొడవ చేశారు. సరంగు వాళ్లవైపు చూడనైనా చూడకుండా నీళ్లలోకి ఉమ్మేసి, చుక్కాని పట్టుకుని నిలబడ్డాడు. "రేపు దిగుదురు గాని, నోర్ముయ్యండి," అని గుమస్తా వాళ్లందరి మీదా అరిచాడు.

కింద పిల్లాడి వణుకు ఎక్కువైంది. నూకాలు వాణ్ని కడుపులోకి పొదువుకుంది. తన చీర కూడా నడుం దాకా తడిసే ఉంది. చుట్టూ చూసి, ఎదురుగా ఉన్న గోవర్ధనాన్ని అడిగింది. "బాబూ, ఆ రగ్గు కాసేపు ఇత్తారా? దిగేటప్పుడు ఇచ్చేత్తాను."

గోవర్ధనం చెయ్యి రగ్గు మీద పడింది. కొత్తది. ఇంకా మడత నలగలేదు. పిల్లాడి మూతి చివర అంటుకున్న వాంతి కనిపించింది. ఆ వాసన ఎన్ని ఉతుకులకి పోతుందో అనిపించింది. తర్వాత సిగ్గేసింది. ఆ సిగ్గులోంచే మాట వచ్చింది, చాలా మృదువుగా వచ్చింది.

"అయ్యో, ఇది నాది కాదమ్మా. మా గురువుగారిది. పెద్దాయన, ఆయాసం మనిషి. నాదైతే ఈపాటికి ఇచ్చేసేవాణ్ని. ఏమీ అనుకోకండమ్మా."

"అట్టాగా బాబూ. పెద్దోరిదైతే వద్దులెండి," అంది నూకాలు.

గోవర్ధనానికి గుండె తేలికపడింది. మంచినీళ్లు కావాలా అని అడిగాడు. రాజమండ్రి ఆసుపత్రిలో ఎవరిని కలవాలో ఓపిగ్గా చెప్పాడు. పిల్లాడి పేరు కూడా అడిగాడు. సింహాచలం అంది. మంచి పేరన్నాడు.

రైలు వంతెన కనుచూపు మేరకి వచ్చేసరికి సింహాచలం వణకడం మానేశాడు. జ్వరం దిగిందనుకుంది నూకాలు. గుమస్తా వంగి చెయ్యి పట్టుకుని చూశాడు. చాలాసేపు వదల్లేదు. "ఏడవ్వే," అన్నాడు చివరికి, ఎప్పటి గొంతుతోనే. "ఏడవ్వే. బిగబట్టుకుంటే నువ్వు కూడా పోతావ్." అనేసి, వెనక ఎవరో ఏమైందని అడిగితే వాళ్ల మీద కసురుకున్నాడు.

అలికిడి విని విశ్వపతిగారు మేడ దిగి వచ్చారు. చూసి, భుజాల మీది కంబళి తీసి పిల్లాడికి కప్పారు. నూకాలు తలెత్తింది.

"ఆ రగ్గు తమరిదేనంట గదయ్యా. ఆయాసమంట గదా తమరికి, ఇదెందుకు తీశారు," అంది. గోవర్ధనం వైపు చూపించింది. "ఈ బాబు మంచోడయ్యా. పొద్దుటినుంచీ అందరూ కసిరినోళ్లే. ఈయనొక్కడే నన్ను అమ్మా అన్నాడు."

విశ్వపతిగారికి ఆయాసం ఎన్నడూ లేదు. ఆయన శిష్యుడి వైపు చూడలేదు. "నాకేం ఫరవాలేదు, ఉంచుకో తల్లీ," అన్నారు.

లాంచీ రేవుకి చేరింది. గుమస్తా పిల్లాణ్ని కంబళితో సహా చేతుల్లోకి తీసుకుని, అడ్డొచ్చినవాళ్లని బూతులు తిడుతూ ముందు నడిచాడు. నూకాలు అతని వెనకాలే వెళ్లింది. సరంగు కిందికి దిగి రాలేదు.

గురుశిష్యులు మెట్లెక్కి జట్కా కోసం నిలబడ్డారు. "నువ్వడిగిన మూడు మాటల్లో రెండింటికి మనుషులు లాంచీలో దొరికారు," అన్నారు విశ్వపతిగారు.

గోవర్ధనం మూడోదాని సంగతి అడగలేదు. పరుపుచుట్ట చంకలోంచి కింద పెట్టాడు, మళ్లీ ఎత్తుకున్నాడు. "నేను రగ్గు ఇచ్చినా ఆ పిల్లాడు బతికేవాడు కాదేమోనండి," అన్నాడు.

"బతికేవాడు కాదు," అన్నారు గురువుగారు. "చలి తగ్గేది."