సీలు పడ్డ తలుపు

బుడమగుంటలో తెలివైనవాళ్ళెవరని ఎవరైనా అడిగితే చాలు, మాంసం కొట్టు అసిరయ్య ఇంట్లో ముగ్గురూ ఒకేసారి చెయ్యెత్తేవారు. ముగ్గురంటే అసిరయ్య, అతని పెళ్ళాం పైడమ్మ, తమ్ముడు తవుడు. "మాకు ఒక్కసారి సెప్తే సాలు, మాట పొల్లు పోదు" అని అసిరయ్య మీసం దువ్వుకునేవాడు. అది నిజమే. మాట పొల్లు పోయేది కాదు, అర్థం ఒక్కటే పోయేది.

ఒకసారి పక్కింటావిడ "పైడమ్మా, పొయ్యి మీద పాలున్నాయి, పొంగుతాయేమో చూస్తూ ఉండు" అని చెప్పి బజారుకి వెళ్ళింది. పైడమ్మ చూస్తూ ఉంది. పాలు పొంగాయి, పొయ్యంతా పారాయి, గడప దాటి వీధిలోకి కూడా వచ్చాయి. ఆవిడ తిరిగొచ్చి లబలబలాడితే పైడమ్మకి కోపం వచ్చింది. "సూడమన్నావు, సూసినాను. రెప్ప కూడా కొట్టలేదు, ఇంకేటి సెయ్యమంటావు?" అంది.

అలాంటివాళ్ళ చేతిలో కత్తులూ, మేకలూ, కోళ్ళూ ఉండేవి. వాళ్ళ మీద ప్రభుత్వం కాపలా ఉండేది. ఆ కాపలా పేరు కామేశం గారు, మున్సిపాలిటీ పశువుల డాక్టరు. రోజూ తెల్లారగట్ల కబేళాకి వచ్చి, బతికున్న మేకని ఒకసారి, కోశాక మాంసాన్ని ఒకసారి చూసి, అంతా బాగుంటే తొడ మీద ఊదారంగు సీలు కొట్టేవారు. "సీలు పడ్డదే అమ్మాలి, సీలు పడనిది ముట్టుకోకూడదు" అని మొదటి రోజే గట్టిగా చెప్పారు.

ఊళ్ళో మిగతా కొట్లవాళ్ళు డాక్టరుగారు కాస్త ఆలస్యమైతే ఇటూ అటూ చూసి అమ్మేసేవారు. అసిరయ్య మాత్రం సీలు పడందే గోరంత ముక్క తూచేవాడు కాదు. డాక్టరుగారికి జ్వరం వచ్చి నాలుగు రోజులు రాకపోతే, ఆ నాలుగు రోజులూ ముగ్గురూ మేకకి ఆకులు పెడుతూ కూర్చున్నారు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం కామేశం గారు చెమటలు కక్కుకుంటూ కొట్టుకి వచ్చారు.

"అసిరయ్యా, కొంప మునిగిందయ్యా!"

పైడమ్మ వీధిలోకి పరిగెత్తి ఇంటి వైపు చూసింది. "ఎక్కడా సుక్క నీరు లేదు డాక్టరుబాబూ. ఇల్లు పొడిగానే ఉంది."

"అది కాదమ్మా! రేపు పైనుంచి తనిఖీకి వస్తున్నారు. మిమ్మల్ని నేను సరిగ్గా చూస్తున్నానో లేదో చూసేవాళ్ళు. ఈసారి మీ లైసెన్సు కాగితం మీద ఆ వచ్చే పెద్దాఫీసరమ్మే సంతకం పెట్టాలి. సంతకం పడలేదో, ఇక కొట్టు మూసుకోవడమే."

అసిరయ్య చేతిలో కత్తి కింద పెట్టాడు. "ఇది మా అయ్య పెట్టిన కొట్టు బాబూ. ఇది పోతే మాకు ఇంకో పని రాదు" అన్నాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఈ పని మాత్తరం వొచ్చేటి అన్నా?" అన్నాడు తవుడు.

డాక్టరుగారికి జాలేసింది. మొద్దు మీద కూర్చుని ఒక్కో మాటా నిదానంగా చెప్పారు. "వాళ్ళు ఎప్పుడు ఊడిపడతారో తెలీదు, సిద్ధంగా ఉండండి. కళ్ళలో వత్తులు వేసుకుని చూసుకోండి. మాంసం మీద ఈగ వాలకూడదు. కోళ్ళలో ఏదైనా తూలుతుంటే దానికి జబ్బున్నట్టు, వెంటనే విడిగా గంప కింద పెట్టెయ్యండి. మొత్తానికి మీ కొట్టు చూసి ఆవిడ ముక్కున వేలేసుకోవాలి. అప్పుడే సంతకం."

ఆయన అటు వెళ్ళారు. ఇటు ముగ్గురూ వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నారు. ఒక్క మాట కూడా మర్చిపోలేదు. ఇంకేముంది, పని మొదలు.

"పైనుంచి వొస్తారంట" అన్నాడు అసిరయ్య, కొట్టు కప్పు వంక చూస్తూ.

"ఊడి పడతారంట" అంది పైడమ్మ.

"మరి రేకులు అడ్డం కదేటి? తల తగిలితే సంతకం పెడతాదా?" అన్నాడు తవుడు.

నిజమే కదా అనిపించింది. అంతే, నిచ్చెన వేశారు, పొద్దుగూకే లోపల రేకులన్నీ ఊడదీశారు. ఆకాశం కొట్లోకి దిగింది. పెద్దమనిషి పడితే నడుం విరుగుతుందని మధ్యలో రెండు మోపుల గడ్డి పరిచారు. దాని మీద పైడమ్మ తన పెళ్ళినాటి బొంత వేసింది. దాన్ని ఇంటికొచ్చిన చుట్టాలకి కూడా ఎప్పుడూ వెయ్యలేదు, పాపం.

మర్నాడు తెల్లారగట్ల కబేళాలో డాక్టరుగారు మేకని చూశారు, మాంసం చూశారు, సీలు కొట్టారు. "మీరు పదండి, నేను ముఖం కడుక్కుని వస్తా" అన్నారు. మాంసం తెచ్చి కొట్లో వేలాడదీశారో లేదో, కప్పు లేదు కదా, ఈగలు దండులా దిగాయి.

"మాంసం మీద వాలకూడదు" అన్నాడు అసిరయ్య.

"మన మీద వాలకూడదని అనలేదు" అంది పైడమ్మ.

అంతే. తవుడికి చొక్కా విప్పించి, నెత్తి నుంచి పాదాల దాకా బెల్లం పాకం పూసి, మాంసం పక్కన నిలబెట్టారు. ఈగలన్నీ తవుడి మీదికి మారాయి. మాంసం మీద ఒక్కటి లేదు! "సక్కిలిగింత పెడతన్నాయి వదినా" అని వాడు మెలికలు తిరిగాడు. "లైసెన్సు కోసం ఓర్చుకో నాయినా" అని పైడమ్మ వాడి ముక్కు మీద ఇంకాస్త పాకం పెట్టింది.

ఇక మిగిలింది వత్తులు. పైడమ్మ పత్తి తీసి, వత్తి చేసి, ఆముదంలో ముంచి మొగుడి రెండు కళ్ళలోనూ దోపింది. అసిరయ్య కెవ్వుమన్నాడు.

"వెలిగించాలేటి?" అంది పైడమ్మ అగ్గిపెట్టె పట్టుకుని.

"వద్దొద్దు! డాక్టరుబాబు ఏసుకోమన్నారు, ఎలిగించమన్లేదు. ఎక్కువ తక్కువ సెయ్యకూడదు" అన్నాడు అసిరయ్య. బుర్ర ఉన్నవాడు కాబట్టి బతికాడు. కానీ ఆ ఆముదం కళ్ళతో అతనికి మనిషీ గుంజా ఒకటే అయిపోయాయి.

అప్పుడు కామేశం గారు వచ్చారు. పైకి చూశారు, కప్పు లేదు. కిందికి చూశారు, బొంత ఉంది. పక్కకి చూశారు, ఈగలతో చేసిన మనిషి ఒకడు ఆయనకి దణ్ణం పెడుతున్నాడు. ఎదురుగా అసిరయ్య కళ్ళలోంచి వత్తులు వేలాడుతున్నాయి, అతను మేక తలకి "రండి బాబూ" అంటున్నాడు. డాక్టరుగారికి కళ్ళు తిరిగాయి. నుదురు పట్టుకుని ఇటు ఒరిగారు, అటు ఒరిగారు.

"అన్నా, డాక్టరుబాబు తూలుతున్నాడు!" అని అరిచాడు తవుడు.

"ఓలమ్మో, జబ్బే! ఎంటనే విడిగా పెట్టమన్నాడు కదా!" అంది పైడమ్మ.

ఇంకేముంది! పెద్ద కోళ్ళ గంప తెచ్చి ఆయన మీద బోర్లించారు. పైకి లేవకుండా దాని మీద తూకం రాయి పెట్టారు. ఆయన లోపల్నించి "ఒరే, నేను డాక్టర్నిరా" అని అరుస్తుంటే, పైడమ్మ గంప సందులోంచి నాలుగు నూకలు చల్లి "తినండి బాబూ, తగ్గిపోద్ది" అంది ప్రేమగా.

సరిగ్గా అప్పుడే వీధిలో జీపు ఆగింది. పెద్దాఫీసరమ్మ దిగి గుమ్మంలోంచి లోపలికి వచ్చింది. ముగ్గురూ ఆవిడ వైపు చూడనే లేదు. ఆకాశం వైపు చూస్తున్నారు.

"ఎవరయ్యా ఇక్కడ? నేను తనిఖీకి వచ్చాను" అంది ఆవిడ.

పైడమ్మ ఆవిడని ఎగాదిగా చూసింది. "పైనుంచి రావాలి కదమ్మగోరూ? కింద నుంచి వొచ్చీసినారేటి?"

"నిచ్చెన ఉందమ్మగోరూ" అన్నాడు తవుడు. "ఎక్కి ఒకపాలి ఊడిపడండి. గడ్డి ఏసినాం, దెబ్బ తగలదు."

ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. ఇంతలో తవుడి మీది పాకం వాసనకి గబుక్కున కర్చీఫు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. అసిరయ్య ఒక వత్తి పక్కకి జరిపి చూశాడు. "వేలు ఏసుకుందేటి?" అని గుసగుసగా అడిగాడు. "లేదు, గుడ్డ ఏసుకుంది" అంది పైడమ్మ దిగులుగా. ముగ్గురి మొహాలూ వాడిపోయాయి.

"మీ ఊరి పశువుల డాక్టరెక్కడ?" అంది ఆవిడ.

"జబ్బు సేసినాదమ్మా. గంప కింద పెట్టీసినాం."

గంప "మేడమ్!" అంది.

గంప ఎత్తారు. కామేశం గారు నెత్తిన ఈకలతో లేచి నమస్కారం పెట్టారు. ఆవిడ మొహం కందగడ్డలా అయింది. జీపులో వెంట వచ్చిన ఆఫీసువాళ్ళని పిలిచి, "ఈ కొట్టుకి సీలు వెయ్యండి!" అంది.

డాక్టరుగారు తల పట్టుకున్నారు. కానీ ఆ ముగ్గురి సంతోషం చూడాలి! ఇన్నేళ్ళుగా మేక తొడకే సీలు పడేది. ఇప్పుడు ఏకంగా కొట్టుకే సీలు! ఆవిడ కాళ్ళకి దణ్ణాలు పెట్టారు. ఆఫీసువాళ్ళు తలుపు వేసి, తాళం పెట్టి, దాని మీద గుడ్డ చుట్టి, ఎర్ర లక్క కరిగించి సీలు వేశారు.

"పది రోజుల్లో కప్పు వేయించి, అంతా శుభ్రం చెయ్యాలి. మళ్ళీ నేనే వస్తాను, బాగుంటే లైసెన్సు మీద సంతకం పెడతాను. అంతవరకూ సీలు చెక్కు చెదరకూడదు" అంది ఆవిడ. జీపెక్కి వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే, ఈకలు దులుపుకుంటూ కామేశం గారు.

కాసేపటికి కొనేవాళ్ళు వచ్చారు. "అసిరయ్యా, కిలో మాంసం ఇయ్యి."

అసిరయ్య ఆలోచనలో పడ్డాడు. లోపల మాంసానికి పొద్దున్నే సీలు పడింది, అది నిజమే. కానీ తాళం తీస్తే ఈ సీలు చెదురుతుంది. "ఇప్పుడు మా సేతికందినవాటిలో సీలు పడ్డది ఒక్కటే. ఈ తలుపు" అన్నాడు.

"సీలు పడ్డదే అమ్మాలి" అంది పైడమ్మ.

అంతే! బందులు ఊడదీశారు, తలుపు దింపారు, మొద్దు మీద పెట్టి మేకకత్తితో నరకడం మొదలుపెట్టారు. మంచి మద్ది చెక్క. ఊళ్ళోవాళ్ళు ముందు నవ్వారు. తర్వాత, పొయ్యిలోకి బాగుంటుందని సంచులు పట్టుకొచ్చి వరసలో నిలబడ్డారు. తవుడు కాటా పట్టుకుని "తొడ ముక్కా? పక్కటెముకా?" అని అడిగి మరీ తూచాడు. ఒక ముసలాయనకి వేళాకోళం పుట్టింది. "పళ్ళు లేవురా నాకు, ఎముక లేకుండా ఇయ్యి" అన్నాడు. తవుడు ఓపిగ్గా కూర్చుని, ఆయన వంతు చెక్కలోంచి మేకులన్నీ పీకి ఇచ్చాడు.

తలుపు లేని కొట్లోకి కుక్కలు వెళ్ళి, వేలాడుతున్న మాంసం కాస్తా తినేశాయి. వాటిని అదిలించమని ఎవరూ చెప్పలేదు కాబట్టి వీళ్ళూ అదిలించలేదు.

చెప్పిన పనులు మాత్రం చేశారు. రేకులు మళ్ళీ వేశారు. గోడలకి సున్నం కొట్టారు. నేల కడిగీ కడిగీ అద్దంలా చేశారు. తవుడికి మూడుసార్లు తలంటి పోశారు. పదో రోజు పొద్దున్నే కొట్టు ముందు వరసగా నిలబడ్డారు. అసిరయ్య కొట్టు వంక తిరిగి చూశాడు. "అయ్య పెట్టిన కొట్టు. ఈ రోజుతో ఉంటదో, పోద్దో" అన్నాడు. పైడమ్మ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

జీపు వచ్చింది. ఆవిడ దిగింది, వెనక కామేశం గారు. ఆవిడ కప్పు చూసింది, గోడలు చూసింది, తల ఊపింది. "బాగుంది. మరి తలుపేది?"

"అమ్ముడైపోయిందమ్మగోరూ. ఎముకలు మిగిలినాయి" అని తవుడు గుప్పెడు మేకులు చూపించాడు. పైడమ్మ పళ్ళెంలో పసుపూ కుంకుమా పెట్టి, మధ్యలో అరచేతంత చెక్క, దానికి తాళం, తాళానికి లక్క సీలు పెట్టి తెచ్చింది. "సూసుకోండమ్మగోరూ. సెక్కు సెదరలేదు."

ఆవిడ చూసింది. మెల్లగా కుడిచెయ్యి పైకి లేచింది, చూపుడువేలు ముక్కు మీదికి వెళ్ళింది.

"ఏలు! ఏలు ఏసుకుంది అన్నా!" అని తవుడు గెంతాడు. అసిరయ్య కళ్ళ వెంట నీళ్ళు బొటబొటా కారాయి. ఈసారి ఆముదం నీళ్ళు కావు.

ఆవిడ డాక్టరుగారి వైపు తిరిగింది. "కామేశం గారూ, ఈ ఊళ్ళో అన్ని కొట్లూ చూశాను. సీలు పడందే ఒక్క ముక్క కూడా అమ్మని కొట్టు ఇదొక్కటేనండీ" అంది. ఆ మాట అంటూనే ఆవిడకి నవ్వొచ్చింది. "ఏదీ, లైసెన్సు ఇలా తెండి" అని కలం తీసింది. నవ్వు ఆగలేదు. మేకులు చూసి నవ్వింది, పళ్ళెం చూసి నవ్వింది, కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి ఇటు ఒరిగింది, అటు ఒరిగింది. కలం మొన కాగితానికి ఇంకా తగల్లేదు.

కామేశం గారు ప్రమాదం కనిపెట్టి "ఒరే, వద్దురా!" అనేలోపే తవుడు కేక పెట్టాడు.

"వదినా, అమ్మగోరు తూలుతున్నారు! గంప! గంప తే!"