తలా పిడికెడు నువ్వులు

రెండేళ్ళుగా వానల్లేక గుమ్మడివాగు అడవి ఎండిపోయింది. వాగు ఇసుకలో ఒక్క చెలమ మాత్రం ఇంకా ఊరుతోంది. ఆ చెలమ పక్కనే ఎద్దు అప్పన్న గానుగపాక ఉంది. అప్పన్న మంచివాడు. మంచివాడంటే ఎవరేం చెప్పినా తలూపేవాడని కదా మనవాళ్ళ లెక్క, ఆ లెక్కలో అతను నిఖార్సయిన మంచివాడు.

అందరూ నువ్వులు తెచ్చి గానుగాడించుకునేవాళ్ళు. నూనె తెచ్చినవాళ్ళది, మిగిలిన తెలకపిండి అప్పన్నది. అదే కూలి. కరువొచ్చాక నువ్వులు తగ్గాయి, బేరాలు తగ్గాయి. మరో పక్క అడవి కట్టుబాటొకటి ఉంది. చెలమ పక్క చోటు పనిచేసేవాడిదే. పౌర్ణమి నుంచి పౌర్ణమి దాకా గానుగలోంచి నూనెచుక్క రాలకపోతే, ఆ చోటు అడిగిన మరొకరికి పోతుంది. కట్టుబాటు చూసేది ఏనుగు పెద్దాయన. ఆయన మాట తప్పడు, ఎవరినీ తప్పనివ్వడు.

అలాంటి రోజుల్లో నక్క సన్యాసి పాక ముందుకొచ్చి కూలబడ్డాడు.

"నీ అవస్థ చూడలేక వచ్చానన్నా. కష్టకాలంలో వ్యాపారం నడిపే ఒడుపు వేరు," అన్నాడు.

"ఆ ఒడుపేదో చెప్పు తమ్ముడూ, పుణ్యముంటుంది."

"బేరాలు తగ్గినప్పుడు కూలి పెంచాలి. తెలకపిండితో పాటు నూనెలోనూ పావు వంతు పట్టు. పది మంది ఇచ్చేది ఇద్దరి దగ్గరే వస్తుంది."

అప్పన్న తలూపాడు. మర్నాటి నుంచి ఆ ఇద్దరూ రావడం మానేశారు. పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే. కాకపోతే ఇక్కడ తన ఇంటికి తానే పొగబెట్టుకున్నాడు అప్పన్న, ఊదింది నక్క.

పౌర్ణమి దగ్గర పడింది. గానుగ రోలు ఎండిపోయి బీటలిచ్చేలా ఉంది. అప్పన్నకి మేత సయించడం లేదు. ఈ వయసులో చెలమ దాటి వెళితే ఎక్కడ నీళ్ళున్నాయో అతనికి తెలియదు. నిజానికి ఎక్కడా లేవు.

ఆ సమయంలో కాకి గౌరమ్మ వచ్చి పాక వెన్ను మీద వాలింది. ఆవిడ నోటికి అడవంతా జడుస్తుంది.

"నీకు బుద్ధి ఏ మూలనైనా ఉందా అప్పన్న బావా? నీ చోటు ఎవరడిగారో తెలుసా? తోడేలు భీమన్న. అడిగించింది మీ తమ్ముడు సన్యాసే."

"తోడేలా? పెద్దాయన ఎలా ఒప్పుకుంటాడు?"

"మాంసం మానేశాడట. గింజలూ దుంపలూ తింటున్నాడట. తాళ్ళు పేనే కొట్టు పెట్టుకుంటాడట. సన్యాసి ప్రమాణం చేశాడు. నిన్న వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నా చెవులతో విన్నాను. 'చెలమ దగ్గర కూర్చుంటే చాలు, కూర తన కాళ్ళ మీద తానే నడిచొస్తుంది' అంటున్నాడు నక్క."

అప్పన్న చెలమ గట్టు వైపు చూశాడు. చెలమకి రాకుండా ఎవరూ బతకలేరు. మేకపిల్లలు, కుందేళ్ళు, అందరూ దిగేది ఆ ఒక్క గట్టు మీంచే.

"పెద్దాయనతో చెబుదాం పద."

"కాకి మాటకి సాక్ష్యమేదంటాడు. నువ్వు గానుగాడించు, అంతే. దానికి సాక్ష్యం అక్కర్లేదు."

"ఎలా ఆడించను? రోలు సగమైనా నిండకపోతే రోకలి తిరగదు. ఒక్కో ఇంట్లో పిడికెడే ఉన్నాయి."

"అందరి పిడికెళ్ళూ కలిపి పొయ్యి."

అప్పన్న వెనక్కి అడుగేశాడు. "ఎవరి నువ్వులు వాళ్ళకే ఆడించాలి. ఒకరి నూనె ఇంకొకరికి కలపకూడదు. మా తాత నాటి నుంచీ అదే పద్ధతి."

"మీ తాత నాడు బస్తాలు వచ్చేవి బావా. తిలాపాపం తలా పిడికెడు అంటారే, పాపం పంచుకునేవాళ్ళం నూనె పంచుకోలేమా? కొబ్బరిచిప్పతో కొలిచి పోయించు. ఎన్ని చిప్పల నువ్వులో దాన్ని బట్టి నూనె పంచు. ముందు ఆ పావు వంతు కూలి తీసెయ్యి. నేను వెళ్ళి అందరికీ చెప్పొస్తాను."

పౌర్ణమి నాటి మధ్యాహ్నానికి పాక ముందు జనం పోగయ్యారు. వచ్చారు గానీ మూటలు విప్పలేదు. పక్కవాడివి పుచ్చు గింజలేమోనని వీళ్ళకి అనుమానం, వీళ్ళవి పొట్టు గింజలేమోనని పక్కవాడికి అనుమానం. చివరికి కుందేలు రత్తాలు చిప్పెడు పోసింది, ఎలుగుబంటి చిప్పెడు పోశాడు, మేక తల్లి సగం చిప్ప పోసింది. అందరూ పోశాక అప్పన్న రోట్లోకి తొంగి చూశాడు. సగానికి బెత్తెడు తక్కువ.

పొద్దు పడమటికి వాలుతోంది. ఏనుగు పెద్దాయన వచ్చి చెలమ పక్కన నిలబడ్డాడు. "చంద్రుడు పైకొచ్చేలోగా చుక్క రాలాలి అప్పన్నా. నాకూ బాధగానే ఉంది, కానీ మాట మాటే," అన్నాడు. అవతలి గట్టు మీద తోడేలు భీమన్న ముందుకాళ్ళు చాపుకుని, మేకపిల్లల వైపు చూడకుండా చూస్తున్నాడు.

అప్పుడు సన్యాసి సంచి భుజానేసుకుని వచ్చాడు. నిండుగా నువ్వులు.

"నేనుండగా మా అన్న చోటు పోనిస్తానా? నాకు నూనె కూడా వద్దు. పోసెయ్యండి."

అందరి ప్రాణాలూ లేచొచ్చాయి. అప్పన్నకి కళ్ళు చెమర్చాయి కూడా. మేక తల్లి సంచి అందుకోబోయింది. గౌరమ్మ మాత్రం మెడ పక్కకి వాల్చి చూస్తోంది. గుంటెడు పొలం లేని నక్కకి ఇన్ని నువ్వులెక్కడివి? పైగా నూనె వద్దంటున్నాడు. నక్క వద్దన్నదంటే అది ముట్టుకోదగ్గది కాదు.

"ఆగండాగండి," అంది. "కలిపి ఆడించడం ఇదే మొదలు. రేపు నూనె పాడైతే ఒకరినొకరు తిట్టుకోకూడదు. ఎవరి నువ్వులు వాళ్ళు ఓ పిడికెడు అందరి ముందూ నమలాలి. నమిలి మింగగలిగినదే రోట్లో ఉండాలి. ఏమంటావు పెద్దయ్యా?"

"న్యాయంగానే ఉంది," అన్నాడు ఏనుగు.

రత్తాలు మూట దులిపి నమిలింది, ఎలుగు నమిలాడు, మేక తల్లి నమిలింది. కమ్మటి వాసన పాకంతా పరుచుకుంది. నక్క వంతు వచ్చింది.

"నాకీరోజు ఉపవాసం," అన్నాడు సన్యాసి.

"అయితే నీ సంచి రేపు చూద్దాం లే," అంది గౌరమ్మ.

నక్క చంద్రుడొచ్చే తూర్పు కొండ వైపు చూశాడు, గట్టు మీది భీమన్న వైపు చూశాడు. ఇంతమంది కలిశాక ఆ బెత్తెడు ఎలాగైనా నిండుతుంది, వచ్చే పౌర్ణమికైనా చోటు దక్కాలంటే తన నువ్వులు ఈ రోట్లో పడి తీరాలి. అందరి పిడికెళ్ళూ ఒక్క దెబ్బతో పాడైపోతే, ఇక ఈ జన్మలో ఒకరి నువ్వులు ఇంకొకరు కలవనివ్వరు. ఆ నువ్వులు మూడు పూటలు వేపాకు కషాయంలో నానబెట్టి ఎండేసినవి మరి. నక్క పిడికెడు తీసి నోట్లో వేసుకున్నాడు.

నమిలాడు. దవడలు వణికాయి, కంట్లోంచి నీటిబొట్టు జారింది. మింగి, నవ్వాడు. "కమ్మగా ఉన్నాయి. మా అమ్మ గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి."

ఇలాంటివాణ్ణి ఏం చెయ్యగలం చెప్పండి. అప్పన్న సంచి మూతి విప్పాడు, రోటి అంచున పెట్టాడు. కొండ వెనక ఆకాశం తెల్లబడుతోంది. ఇంకొక్క క్షణమైతే అందరి కష్టమూ చేదైపోయేది.

"అంత కమ్మగా ఉంటే ఆ భీమన్నకీ ఓ పిడికెడు పెట్టవయ్యా," అంది గౌరమ్మ. "మాంసం మానేసి గింజలతో కడుపు నింపుకుంటున్నాడాయె. మన పక్కకి రాబోయేవాడు, తిననీ."

నక్క నోరు తెరిచేలోగా పెద్దాయన తొండం ఊపాడు. "అవును. పెట్టు."

భీమన్నకి కషాయం సంగతి తెలియదు. 'గానుగ పని నాకొదిలెయ్' అని మాత్రమే చెప్పాడు సన్యాసి. నక్కలకి భాగస్థుడితో పూర్తిగా చెప్పే అలవాటు లేదు కదా. పెద్దాయన చూస్తున్నాడని భీమన్న గట్టు దిగొచ్చి, సాధువులా కళ్ళు మూసుకుని నోటినిండా పోసుకున్నాడు.

మరుక్షణం తుపుక్కున ఊసి నక్క మెడ పట్టుకున్నాడు.

"నాకే విషం పెడతావురా! చెలమంతా నువ్వొక్కడివే కాజేద్దామనా? మేకపిల్లలు నాకు, బొమికలు నీకు అని ఒప్పుకున్నదంతా ఉత్తదేనా?"

మేక తల్లి పిల్లల్ని కాళ్ళ సందుకి లాక్కుంది. ఏనుగు పెద్దాయన ఒక్క అడుగు ముందుకేశాడు, ఆ ఒక్కటే చాలింది. నక్క మెడ విడిపించుకుని ఉరికాడు, వాడి వెనక తోడేలు, ఆ వెనక దుమ్ము.

కానీ రోలు మాత్రం ఇంకా బెత్తెడు తక్కువే. అప్పన్న కాడి దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు.

అప్పుడు రత్తాలు సిగ్గుపడుతూ చెవుల మధ్య నుంచి చిన్న మూట తీసింది. "ఏమో, ఎవరెలాంటివి తెస్తారోనని సగం దాచాను బావా. అందరూ నమిలారుగా, ఇక భయం లేదు," అని పోసేసింది. ఎలుగు చంకలోంచి ఓ మూట తీశాడు. మేక తల్లి గడ్డం కింద నుంచి మరో మూట. దాచనివాడు ఒక్కడూ లేడు.

రోలు సగం దాటింది. గౌరమ్మ అప్పన్న కళ్ళకి గంతలు కట్టింది. రోకలి కీచుమంది, ఆగింది, మళ్ళీ కీచుమంది. చంద్రుడి అంచు కొండ మీద కనబడే వేళకి గానుగ మూతిలోంచి చుక్క రాలింది, దాని వెనకే సన్నటి ధార. పెద్దాయన ఆ చుక్క వాసన చూసి, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

నాటి నుంచి గుమ్మడివాగులో అందరివీ కలిపే ఆడిస్తున్నారు, నమిలాకే పోస్తున్నారు. అప్పన్న ఇప్పటికీ మంచివాడే, కాకపోతే తలూపే ముందు సలహా చెప్పినవాడి నోటి వైపు ఓసారి చూస్తాడు. వేపచెట్టు కనబడితే సన్యాసి మాత్రం చుట్టూ తిరిగి వెళతాడట.

ఇచ్చేవాడూ, వాడి తోడువాడూ ముందు నమిలి మింగని గింజనీ, సలహానీ మన రోట్లో పడనివ్వకూడదు.