రాతిమెట్టుకు సున్నం

జిలానీ ఇరవై ఏళ్ళుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వాడు. చాయ్, తమలపాకు కలిసి అతని పళ్ళను ఇటుకరంగుకు తెచ్చాయి. ఎర్రగుట్ట దర్గాకు వచ్చేవాళ్ళకు చాయ్ ఇచ్చే పని అతనిది. అక్కడి ఆనవాయితీ ఏమిటంటే, వచ్చినవాళ్ళను ఒంటరిగా తాగనివ్వకూడదు. పక్కన కూర్చుని తనూ తాగాలి.

ఈమధ్య పట్నం వెళ్ళి, పళ్ళ డాక్టరు దగ్గర తెల్లగా చేయించుకొచ్చాడు. రెండు మూడు రోజులు రంగున్నవేవీ ముట్టొద్దన్నాడు డాక్టరు. పదిహేను రోజులైనా జిలానీ చాయ్ ముట్టలేదు. వచ్చినవాళ్ళకు కప్పు అందించి దూరంగా పోయి నిలబడుతున్నాడు.

ఆ ఉదయం గురువు సిద్దిక్ షా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"బాబా, ఈ తెలుపు ఎన్నాళ్ళుంటాది? డాక్టరేమో కొందరికి ఆర్నెల్లు, కొందరికి రెండేండ్లు అంటాడు. తాగేదాన్ని బట్టి, తినేదాన్ని బట్టి అంట."

"ఏదీ, చూడనీ."

గురువు అతని గడ్డం పట్టుకుని వెలుతురుకు తిప్పాడు. ఆయనకూ వింతగానే ఉంది. ఒక్కో పన్నూ పరీక్షగా చూశాడు.

"బాగుండాయిరా. శానా బాగుండాయి."

"మళ్ళీ పాత రంగొస్తే తట్టుకోలేను బాబా."

గురువు లోపలికి వెళ్ళి సున్నం బకెట్టూ కుంచే తెచ్చి అతని ముందు పెట్టాడు.

"ముంగిట రాతిమెట్టుకు పుయ్యి. అదెన్నాళ్ళుంటాదో చూద్దాం."

మధ్యాహ్నానికి మెట్టు ఆరి తళతళలాడింది. రాత్రి వానకు దారంతా ఎర్ర బురద. జిలానీ మెట్టు పక్కనే కాపలా కూర్చున్నాడు. ఇద్దరు కుర్రాళ్ళు వస్తే, మెట్టు తొక్కకుండా లోపలికి దూకించాడు. వాళ్ళకు భలే సరదాగా ఉంది.

తర్వాత ఓబులవ్వ వచ్చింది. ప్రతి గురువారం రెండు మైళ్ళు నడిచి వస్తుంది. మెట్టు మీద కాలు పెట్టబోయింది.

"అవ్వా, ఆగు! సున్నం!"

ఆమె తన కాళ్ళు చూసుకుంది. మోకాళ్ళ దాకా బురద.

"దూకే వయసా నాయనా నాది? ఈడ్నించే దండం పెట్టుకోని పోతాలే."

చేతులు జోడించి, కర్ర తిప్పుకుని వెనుదిరిగింది.

జిలానీ వెనక్కి చూశాడు. గురువు చాప మీద రెండు కప్పుల్లో చాయ్ పోసి పెట్టి, పక్కకు జరిగి కూర్చున్నాడు. కప్పుల మీద ఆవిరి లేస్తోంది.

జిలానీ పరుగెత్తి అవ్వ చెయ్యి పట్టుకున్నాడు.

"రా అవ్వా. తొక్కు."

ఎర్రటి పాదం మెట్టు నడిమధ్యన పడింది.

ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. జిలానీ కప్పు ఎత్తి ఒక గుక్క తాగాడు. పదిహేను రోజుల తర్వాత ఆ రుచికి ప్రాణం లేచొచ్చింది. ఓబులవ్వ అతని మొహంలోకి వంగి చూసింది.

"నీ పండ్లు ఇంత తెల్లగయినాయి ఏందిరా! ఎన్నాళ్ళుంటాయి ఇట్లా?"

జిలానీ మెట్టు వైపు చూశాడు.

"వారం వారం వస్తావు కదవ్వా," అన్నాడు. "ఎక్కువ నాళ్ళు ఉండవులే."

తన మాటకు తనకే నవ్వొచ్చింది. చేతిలో కప్పుంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయాడు.