ఇంటిగోడ మీద కైరో

ఈ కథ నాకు మొట్టమొదట చెప్పినవాడు సోడాకొట్టు నాగభూషణం. చెప్పాడంటే చెప్పాడు గానీ సగం తప్పులే చెప్పాడు. పైగా చెబుతున్నంతసేపూ నా మొహంకేసి చూసి పళ్ళికిలించాడు. ఎందుకంటారా, కథలోవాళ్ళది మా ఇంటిపేరే. ఆ ఇకిలింపు నేను మర్చిపోలేదు, మర్చిపోను. సరే, అది పక్కన పెట్టండి. జరిగింది జరిగినట్టు నేను చెబుతా, వినండి.

వేములదిన్నెలో తెలివికి పెట్టింది పేరు దొప్పలపూడి వారు. ఎవరు పెట్టారయ్యా ఆ పేరు అంటే, వాళ్ళే పెట్టుకున్నారు. ఇంటికి పెద్ద రత్తయ్య. ఆయన భార్య తిరపతమ్మ. ఆయన తమ్ముళ్ళు కోటిలింగం, బసవయ్య. అన్నదమ్ములు ముగ్గురూ పొద్దున్నే అరుగుమీద కూర్చునేవాళ్ళు.

"మనకి ఇంత తెలివి ఎక్కణ్ణించి వచ్చిందంటావురా?" అనేవాడు రత్తయ్య.

"నాన్న దగ్గర్నించి" అనేవాడు కోటిలింగం.

"మరి నాన్న దగ్గర ఎప్పుడూ కనపడలేదే?" అనేవాడు బసవయ్య.

"ఎలా కనపడుద్దిరా, అంతా మనకే ఇచ్చేశాడుగా!" అని తేల్చేసేవాడు రత్తయ్య.

అంతే. ముగ్గురూ పైనున్న తండ్రికి దణ్ణం పెట్టుకుని, లోపలికెళ్ళి చద్దన్నం తినేవాళ్ళు.

రత్తయ్యకి తెలివికంటే ముద్దైంది ఇంకొకటి ఉంది. ఆయన మొలతాడుకి వేలాడే కొట్టుగది తాళంచెవి. బియ్యం, పప్పు, బెల్లం అన్నీ ఆ గదిలోనే. ఆ తాళంచెవి ఎవరి మొలకి ఉంటే ఇంటి పెత్తనం వాళ్ళది. స్నానానికైనా తీసేవాడు కాదు. నడుస్తుంటే అది తొడకి తగిలినప్పుడల్లా ఊరంతా తనకి దణ్ణాలు పెడుతున్నట్టు ఉండేది ఆయనకి.

చిక్కల్లా ఏమిటంటే, ఆ గదిలో సరుకు నెలాఖరుదాకా నిలిచేది కాదు. తమలపాకు తోటమీద వచ్చిన డబ్బు మూడోవారానికే అయిపోయేది. తిరపతమ్మ గిన్నె పట్టుకుని పక్కవీధిలో ఉన్న రత్తయ్య మేనత్త సీతారావమ్మ ఇంటికి బయల్దేరేది. బియ్యం కొలిచి కొలిచి ఆవిడకి విసుగెత్తింది. ఓరోజు తనే వచ్చి అరుగుముందు నిలబడింది.

"ఒరే రత్తిగా, ఇదే ఆఖరుసారి. వచ్చే నెల ఖర్చు తగ్గిందా, సరే. తగ్గలేదా, ఆ తాళంచెవి నా చెంగున కట్టుకుంటా. పెత్తనం నాది. మీ నలుగురూ నేను వడ్డించినంత తిని నోరు మూసుకోవాలి."

రత్తయ్య ఆ పూట అన్నం ఒంటిచేత్తోనే తిన్నాడు. అందరం తినేది అలాగే అనుకోండి, కాకపోతే ఆయన రెండో చెయ్యి తాళంచెవిని వదల్లేదు.

మర్నాడు బసవయ్యని వెంటేసుకుని టీకొట్టు దగ్గర దిగులుగా కూర్చున్నాడు. అక్కడ టీవీలో ఒకమ్మాయి చెబుతోంది, లోకంలో ఏ నగరంలో ఒక మనిషి నెలరోజులు బతకడానికి ఎంతవుతుందో. జ్యూరిచ్‌లో అయితే గుండె పట్టుకోవాల్సిందేనట. కైరోలో అయితే చౌకట. "అంతా మీరు ఏ ఊళ్ళో ఉన్నారన్నదాన్ని బట్టే!" అని నవ్వింది.

రత్తయ్య గ్లాసు కిందపెట్టేశాడు.

"విన్నావురా బసవా? ఇన్నాళ్ళూ తప్పు మనది కాదు, ఊరిది! మనం ఎక్కువ తినట్లేదు. వేములదిన్నెలో తింటున్నాం, అదీ సంగతి."

"అయితే కైరో పోదామా అన్నయ్యా?"

"చార్జీలు అత్త ఇస్తుందా? మనం పోవడమెందుకు, దాన్నే ఇంటికి తెచ్చుకుంటే పోలా! ఇది వేములదిన్నె అని అందరికీ ఎలా తెలుస్తోంది?"

బసవయ్య ఐదోక్లాసుదాకా చదివాడు. ఆ ఇంట్లో అంత చదువు ఇంకెవరికీ లేదు. "ఊరి మొదట్లో బోర్డు మీద రాసుందిగా" అన్నాడు.

ఇంకేముంది! జేగురుమట్టి కలిపారు, చీపురుపుల్లల కట్ట ముంచారు, వీధిగోడ మీద మూరెడేసి అక్షరాలతో 'కైరో' అని రాసేశారు. తిరపతమ్మ బయటికొచ్చి బుగ్గన వేలేసుకుంది.

"ఏమయ్యో, మరి మా పుట్టింటివాళ్ళు వస్తే ఇల్లెలా గుర్తుపడతారు?"

"అంతదూరం ఎవరొస్తారే? ఆ ఖర్చు కూడా మిగిలినట్టే!"

రత్తయ్య సంచీ పట్టుకుని కిరాణాకొట్టు గురవయ్య దగ్గరికెళ్ళాడు. "కైరో ధరకి కందిపప్పు పొయ్యి" అన్నాడు. గురవయ్య గోడమీది రాతని అప్పటికే చూశాడు.

"మీ ఇల్లు కైరో అయితే అవనీండి రత్తయ్యగారూ, నా కొట్టు మాత్రం వేములదిన్నెలోనే ఉంది. ఇక్కడ కొంటే ఇక్కడి ధరే మరి."

రత్తయ్య ఆలోచించాడు. మనిషి చెప్పిందాంట్లో అబద్ధం లేదు. "అయితే నువ్వే కైరో వచ్చి అమ్ము" అన్నాడు. గురవయ్య మూట నెత్తినెట్టుకుని వీధి దాటొచ్చి అరుగుమీద దించాడు. లేని చెమట తుడుచుకున్నాడు.

"పప్పు ధర, దానిమీద పరదేశం మోసుకొచ్చిన కూలీ" అన్నాడు.

"విమానం ఎక్కకుండా నడిచొచ్చాడు, ఎంతో కలిసొచ్చింది!" అని రత్తయ్య ఇచ్చేశాడు. అంతే, గురవయ్య ఆరోజునించీ ఉప్పు పొట్లం ఓసారి, చింతపండు ఇంకోసారి, ఆవాలు మరోసారి, రోజంతా కైరోకి ప్రయాణాలే.

వారం తిరిగేసరికి డబ్బు సగమైంది. రత్తయ్యకి తాళంచెవి మొలనుంచి జారిపోతున్నట్టు అనిపించసాగింది. అప్పుడు బసవయ్యకి ఒక ఆలోచన తట్టింది.

"అన్నయ్యా, తినడం చౌక ఊళ్ళో తినాలి. బాగానే ఉంది. కానీ అమ్మడం ఖరీదైన ఊళ్ళో అమ్మాలిగా?"

రత్తయ్య తమ్ముణ్ణి కౌగిలించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. పెరట్లో గేదెల కొట్టం గోడమీద 'జ్యూరిచ్' అని రాశారు. పాలధర మూడింతలు చేశారు. బసవయ్యని అక్కడ కూర్చోబెట్టారు. వాడుకగా పోయించుకునే ఇరుగుపొరుగు వాళ్ళు ధర విని, చెంబులు తిరగేసుకుని వెళ్ళిపోయారు. ఇక కొనేదెవరు? మజ్జిగకి పాలు కావాలని తిరపతమ్మ వచ్చింది.

"వదినా, ఇవి జ్యూరిచ్ పాలు. ధర తెలుసుగా?"

"తెలుసు అబ్బాయ్, టీవీలోనే చెప్పారటగా" అని కొంగుముడి విప్పింది.

రత్తయ్య చూసి మురిసిపోయాడు. "మన పాలు ఎంత ధర పలుకుతున్నాయో చూశావటే!" అన్నాడు. మరుక్షణం నెత్తి కొట్టుకున్నాడు. "కానీ మనం కొనే పాలు మండిపోతున్నాయే!"

ఓరోజు బసవయ్యకి జ్వరమొస్తే పాలు తియ్యడానికి కోటిలింగాన్ని పంపారు. పరదేశ ప్రయాణమాయె. తిరపతమ్మ పులిహోర మూటకట్టి ఇచ్చి, గుమ్మంలో ముక్కు చీదుకుంటూ "చేరగానే కబురెట్టు అబ్బాయ్" అంది. కోటిలింగం పెరట్లో సగందూరం నడిచి, బట్టలారేసిన తాడుకింద ఆగి, మూటవిప్పి అంతా తిన్నాడు. తీరా కొట్టం చేరేసరికి ఎండ చుర్రుమంటోంది. పరదేశాల్లో మనకి పగలైతే వాళ్ళకి రాత్రని ఎక్కడో విన్నాడు. "అర్ధరాత్రి గేదెని లేపడం పాపం" అనుకుని దానిపక్కనే పడుకున్నాడు. పాలు తీసేవాళ్ళు లేక గేదె ఊరు అదిరేలా అరిచింది. "అబ్బో, పరదేశంలో కుక్కలు ఎంత గట్టిగా అరుస్తాయో!" అని కోటిలింగం చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు.

ఇంతకీ పాలడబ్బు ఏమైందంటారా? దాన్ని కైరోకి తీసుకెళితే అదీ చౌకైపోతుందని బసవయ్య కొట్టంలోనే గడ్డిలో దాచాడు. గేదె గడ్డితోపాటు దాన్ని కూడా నమిలేసింది.

"నేననుకుంటూనే ఉన్నా అన్నయ్యా, జ్యూరిచ్‌లో మేత ఖరీదు ఉంటుందని!" అన్నాడు కోటిలింగం.

నెల ముగియబోతోంది. అత్త వచ్చే రోజు దగ్గరపడుతోంది. రత్తయ్య తాళంచెవిని పిడికిట్లో పట్టుకుని కూర్చున్నాడు. ఉన్నట్టుండి తొడ చరుచుకున్నాడు.

"దొరికిందిరా! ఆ టీవీ అమ్మాయి ఏమంది? ఒక మనిషికి అంది. మరి మనం ఎంతమందిమి? నలుగురం ఎగబడి తింటుంటే పాపం కైరో మాత్రం ఏం చేస్తుంది!"

అంతే. ఇంట్లో ఒక్క మనిషే ఉండాలి, మిగతావాళ్ళు పెరట్లో ఉండాలి, వంతులవారీగా లోపలికెళ్ళాలి అని తీర్పు. మొదటి వంతు కోటిలింగానిది. "ఒక మనిషి నెల తిండి అంది కదన్నయ్యా, ఆ ఒక మనిషిని నేనేగా?" అన్నాడు. "నువ్వేరా" అని రత్తయ్య కొట్టుగది తలుపు తీశాడు. కోటిలింగం నెల తిండి ఒక్కపూటలో తినాలని చూసి, కడుపు పట్టుకుని బయటికొచ్చాడు. తర్వాత బసవయ్య. అప్పుడు ఆ ఒక మనిషి వాడేగా! వాడూ అంతే. తర్వాత రత్తయ్య తనకి తనే తలుపు తీసుకున్నాడు. ఆఖరున తిరపతమ్మ లోపలుండగా సీతారావమ్మ పెరటిదారిన రానే వచ్చింది.

"ఆగత్తా! లోపల మనిషుంది. ఇంకొకరు వెళితే లెక్క చెడిపోద్ది" అని రత్తయ్య చేతులు అడ్డంపెట్టాడు.

"నీ లెక్క తగలెయ్య! దాన్ని బయటికి రమ్మను, నేనెళతా."

తిరపతమ్మ నోట్లో బెల్లంముక్కతో బయటికొచ్చింది. అత్త లోపలికెళ్ళింది. తలుపు బార్లా తీసున్న కొట్టుగదిలోకి చూసింది. ఒక మూల ఖాళీ బస్తా ఉంది, ఇంకో మూల బస్తా లేకుండా ఖాళీ ఉంది. గడపలోకొచ్చి నడుమున చేతులు పెట్టుకుంది.

"ఏరా, ఖర్చు తగ్గిందా?"

రత్తయ్య ఇటు చూశాడు, అటు చూశాడు. ఇంటికి ఒక పేరు, కొట్టానికి ఇంకో పేరు. మధ్యలో తాము నలుగురూ.

"బసవా, మనం నిలబడ్డ ఈ చోటు పేరేమిట్రా?"

"ఇక్కడేం రాయలేదన్నయ్యా. జేగురు చాల్లేదు."

"అంటే మనం ఏ ఊళ్ళో ఉన్నట్టు?"

"ఏ ఊళ్ళోనూ లేనట్టే."

"ఏ ఊళ్ళోనూ లేని మనిషికి నెలకెంతవుద్దిరా కోటీ?"

కోటిలింగం వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తూ పోయి పిడికిలి చూపించాడు. "ఏమీ అవదన్నయ్యా!"

"విన్నావా అత్తా! ఖర్చు తగ్గడం కాదు, పూర్తిగా పోయింది!"

సీతారావమ్మ మేనల్లుడిని కింద్నించి పైదాకా చూసింది. అరవలేదు, తిట్టలేదు. "అలాగా నాయనా. మరి ఏ ఊళ్ళోనూ లేనివాడికి ఈ ఇంటి తాళంచెవి ఎందుకురా?" అంది.

రత్తయ్య ఉలిక్కిపడ్డాడు. నిజమే! అది మొలకి ఉన్నన్నాళ్ళూ తను కైరోలో కాపురం ఉన్నట్టే, ఖర్చు అవుతున్నట్టే! గబగబా ముడి విప్పబోయాడు. ఏళ్ళనాటి ముడి, రాలేదు. వంగి పళ్ళతో కొరకబోయాడు, అందలేదు. తమ్ముళ్ళు చెరోపక్కా పట్టి లాగితే మొలతాడు తెగింది. తాళంచెవి తీసి అత్త చేతిలో పెట్టి ఎగిరి గంతేశాడు.

"గెలిచానత్తా! పెత్తనం నాదే!"

"నీదేరా, నీదే" అని ఆవిడ తాళంచెవి చెంగున కట్టుకుని, లోపలికెళ్ళి తలుపేసుకుంది.

అక్కడితో ఆగారా? ఆగితే మా ఇంటిపేరు వాళ్ళెలా అవుతారు! పెరడు కూడా వేములదిన్నె లోపలిదేగా అని బసవయ్యకి అనుమానమొచ్చింది. ఇంకేముంది, చాప, కుండ, గేదె, నలుగురు మనుషులు, అంతా కలిసి ఊరు దాటారు. వేములదిన్నె బోర్డు దాటాక, నక్కలపూడి బోర్డు రాకముందు, రోడ్డుపక్క కాస్త జాగా ఉంది. ఏ ఊరిదీ కాదు. అక్కడ చాప పరిచి, నడిమధ్యన రత్తయ్య పెద్దరికంగా కూర్చున్నాడు.

"ఏమయ్యో, ఆకలేస్తోంది" అంది తిరపతమ్మ.

"ఎక్కడ?"

"కడుపులో."

"ఆ కడుపు ఎక్కడుంది?"

"ఇదిగో, ఇక్కడే."

"ఇక్కడంటే ఏ ఊరూ కాదుగా. ఊరే లేనిచోట ఆకలి ఎలా వేస్తుందే? నీ భ్రమ!"

ఆవిడ తల ఊపి, భ్రమ గట్టిగా వేస్తోందని పొట్ట పట్టుకుంది.

మధ్యాహ్నం కోటిలింగం కునుకు తీస్తూ దొర్లాడు. దొర్లి దొర్లి కాళ్ళు రెండూ నక్కలపూడి బోర్డు దాటించాడు. రత్తయ్య చూసి కెవ్వుమన్నాడు.

"ఖర్చు! ఖర్చు! కోటిగాడి కాళ్ళకి ఖర్చవుతోంది!"

లాగితే కోటిలింగం కదల్లేదు. బోర్డు కదిలింది. రెండు కర్రలమీద నిలబెట్టిన రేకు బోర్డు, ఊపితే ఊడొచ్చింది. దాన్ని కాస్త అవతల పాతారు. కోటిలింగం మళ్ళీ దొర్లాడు. మళ్ళీ అవతల పాతారు. ఇలా పాతుకుంటూ పాతుకుంటూ, ఎండ తగ్గేవేళకి బోర్డుని నక్కలపూడి ఆఖరి ఇల్లు కూడా దాటించేశారు.

నక్కలపూడి జనానికి సంగతి తెలిసింది. ఊరే మాయమైతే ఊరుకుంటారా? కర్రలు పట్టుకుని గుంపుగా వస్తున్నారు. తిరపతమ్మ బెదిరిపోయింది గానీ రత్తయ్య మొహం వెలిగిపోయింది.

"భయపడతావెందుకే! వాళ్ళ ఊరి ఖర్చంతా ఒక్కపూటలో పోగొట్టాం కదా, సన్మానానికి వస్తున్నారు. ఆ కర్రలు పందిరికి!" అని ఎదురెళ్ళి, చేతులు జోడించి, "రండి రండి, ఇదిగో, ఇక్కడ వెయ్యండి!" అని తను నిలబడ్డ చోటే చూపించాడు.

వేశారు.

దొప్పలపూడి రత్తయ్య నక్కలపూడిలో దెబ్బలు తిన్నాడని నాగభూషణం అందరికీ చెబుతున్నాడు. అది శుద్ధ తప్పు. అప్పుడు బోర్డు ఎక్కడుందో చూసుకోవాలి. ఆ చోటు నక్కలపూడి కాదు, వేములదిన్నె కాదు, ఏ ఊరూ కాదు. ఏ ఊళ్ళోనూ తినని దెబ్బలు తిన్నట్టెలా అవుతుంది? చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఆ సోడాకొట్టుకెళ్ళి ఈ ఒక్కముక్క దిద్దించండి బాబూ.