వెనక్కి తిరగని బేరం

తూములపాలెం సన్నాయిమేళం అన్నదమ్ములు ముగ్గురు. పెద్దవాడు నాంచారయ్య సన్నాయి ఊదుతాడు. నడిపివాడు కోటిలింగం డోలు వాయిస్తాడు. చిన్నవాడు వీరాస్వామి తాళం వేస్తాడు. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే పోగుపడిందని ముగ్గురికీ గట్టి నమ్మకం. వానొస్తే కొత్త గొడుగు తడిసిపోతుందని చొక్కా విప్పి గొడుక్కి చుట్టి, తాము తడుస్తూ ఇంటికొచ్చే రకం. "మిగతా ఊరికి తెలివి మిగల్లేదు పాపం" అని జాలిపడేవాళ్ళు కూడా!

అలాంటి తెలివిగలవాళ్ళకి ఒక చిక్కొచ్చిపడింది. డోలు కనపడితే చాలు, బస్సువాడు ఆపకుండా పోతున్నాడు. వరసగా రెండు పెళ్ళిళ్ళకి తాళి కట్టేశాక వెళ్ళారు. మూడో పెళ్ళి గురువారం పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకి. పెళ్ళికూతురి తండ్రి శోభనాద్రి గారు ముందే చెప్పేశాడు.

"ఒరేయ్ నాంచారయ్యా, ఈసారి గానీ గట్టిమేళానికి అందలేదో, ఈ చుట్టుపక్కల మిమ్మల్ని ఇంకెవడూ పిలవడు. ఆ డోలు బోర్లించి పీట వేసుకోవాల్సిందే."

అంతే, ముగ్గురికీ నిద్ర పట్టలేదు. మూడేళ్ళ సంపాదనా, ఇంట్లో ఆడవాళ్ళ గాజులూ కలిపి లక్ష రూపాయలు పోగుచేసి, పాత కారు కొందామనుకున్నారు. రిటైరైన పోస్టుమాస్టరు భుజంగరావు గారు పక్క ఊళ్ళో తన కారు అమ్ముతున్నాడు. ధర లక్షా ఇరవై వేలు.

బేరమాడటం ఎలాగో వాళ్ళ అక్క మొగుడు పేరయ్య నేర్పాడు. ఆయన ఎడ్ల సంతలో ఆరితేరినవాడు.

"నచ్చినట్టు మొహంలో కనపడనివ్వకండి. లోపాలు చూపించండి, లోపానికి ఐదువేలు తగ్గుతుంది. ఆఖర్న లేచి నడిచిపోండి. వాడే పిలుస్తాడు. మొదటి పిలుపుకి తిరిగారో, చచ్చారే! వాడు తగ్గిస్తున్నంతసేపూ వెనక్కి చూడకండి. ఊరికే ఇస్తానంటే మాత్రం ముట్టుకోకండి, అందులో ఏదో రోగం ఉన్నట్టే."

"బావా, మాకు ఇంత విడమరిచి చెప్పాలా?" అని నొచ్చుకున్నాడు నాంచారయ్య.

ముందురోజే కొంటే ముహూర్తానికి కారు పాతబడిపోతుందని, సరిగ్గా గురువారం తెల్లారాకే వాయిద్యాలతో సహా బయల్దేరారు. ఆ కారు కొని అప్పటికి పద్దెనిమిదేళ్ళయింది.

భుజంగరావు గారు వాకిట్లో కారు కడుగుతున్నాడు. ముగ్గురు మనుషులు మొహాలమీద తువ్వాళ్ళు కప్పుకుని, తడుముకుంటూ లోపలికొచ్చారు.

"ఎవరు బాబూ? ఏమైంది? ఎవరన్నా పోయారా?" అన్నాడాయన కంగారుగా.

"కారు కొనడానికొచ్చామండీ. మా మొహాలు మీరు చూడకూడదు."

తువ్వాలు సందులోంచి వీరాస్వామి చూశాడు. తెల్లటి కారు తళతళలాడుతోంది. ప్రాణం లేచొచ్చింది. నచ్చినట్టు తెలిసిపోతుందేమోనన్న భయంతో భోరున ఏడ్చేశాడు. వాణ్ణి చూసి అన్నలు కూడా అందుకున్నారు. ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. మంచి మనిషి, పాపం.

ఏడుపయ్యాక లోపాలు వెతికారు. బానెట్టెత్తి చూశారు, కిందకి దూరి చూశారు, సీట్లు వాసన చూశారు. ఒక్క లోపం దొరకలేదు.

"అన్నయ్యా, కొంప మునిగింది! ఇది బాగుంది!" అన్నాడు కోటిలింగం.

"బాగుంటే ధరెలా తగ్గుతుందిరా? తెలివి వాడండి" అన్నాడు నాంచారయ్య.

ఇంకేముంది! కోటిలింగం డోలు కర్రతో కారు ముందు దీపం టప్పుమని పగలగొట్టాడు. "ఇదిగో అయ్యగారూ, దీపం లేదు. ఐదువేలు." వీరాస్వామి తాళంతో తలుపు మీద ఈ చివర్నుంచి ఆ చివరికి గీరాడు. "గీత పడింది. ఐదువేలు." నాంచారయ్య పక్క అద్దం ఊడబీకి, ఎంతో మర్యాదగా ఆయన చేతిలో పెట్టాడు. "అద్దం కూడా సరిగ్గా లేదండీ."

భుజంగరావు గారు కారుకి అడ్డంగా నిలబడి చేతులు జోడించాడు. "నాయనా, లక్షకే తీసుకెళ్ళండి! మిగిలిన కారన్నా మిగల్చండి!"

డబ్బు చేతిలో పెట్టారు. డోలూ సన్నాయీ తాళం వెనక సీట్లో పెట్టారు. ఇక ఎక్కడమే తరువాయి. అప్పుడు వీరాస్వామి నెత్తి కొట్టుకున్నాడు.

"అన్నయ్యా, నడవడం మర్చిపోయాం!"

"నిజమేరోయ్! బావకి తెలిస్తే పరువేముంటుంది?"

అంతే, ముగ్గురూ గిరుక్కున తిరిగి పెళ్ళివారి ఊరి వైపు నడక మొదలెట్టారు.

"బాబూ! తాళంచెవులు! మీ కారు!" అని కేకేశాడాయన.

"పిలిచాడ్రా" అన్నాడు కోటిలింగం.

"మొదటి పిలుపు. తిరగకు."

కారూ, డబ్బూ, డోలూ అన్నీ తన దగ్గరే మిగిలాయి. రేపు దొంగ అంటారేమోనని పెద్దాయన భయపడ్డాడు. కారెక్కి వెనకాలే వచ్చాడు. హారన్ కొట్టాడు. బతిమాలాడు. ముందుకొచ్చి అడ్డంగా ఆపబోతే ముగ్గురూ కళ్ళు మూసుకుని పక్కనుంచి నడిచిపోయారు. ఏం చెయ్యాలో తోచక, "మీకు తగ్గించాలా ఏమిటి? ఐదువేలు వెనక్కిస్తా, ఆగండయ్యా!" అన్నాడు.

"తగ్గిందిరోయ్! నడవండి, నడవండి!"

కిలోమీటరుకి మరో ఐదువేలు తగ్గింది. కాళ్ళు బొబ్బలెక్కాయి, ఉత్సాహం మాత్రం పెరిగింది. తన కారుని తనే తోలుకుంటూ, తన డబ్బు తనే తగ్గించుకుంటూ భుజంగరావు గారు వెంటపడ్డాడు. అలా ఆరు కిలోమీటర్లు నడిచి, నేరుగా పెళ్ళి పందిట్లోకి వెళ్ళిపోయారు.

సరిగ్గా పది గంటల ఇరవై నిమిషాలు. పెళ్ళికొడుకు మంగళసూత్రం పట్టుకుని నిలబడ్డాడు. పంతులు గారు చెయ్యెత్తి అరిచాడు. "గట్టిమేళం! గట్టిమేళం!"

ముగ్గురూ చేతుల వంక చూసుకున్నారు. ఖాళీ. వాయిద్యాలు కార్లో ఉన్నాయి, కారేమో వెనకాల ఉంది, వెనక్కి చూడకూడదు. శోభనాద్రి గారి కళ్ళు ఎర్రబడ్డాయి. నాంచారయ్యకి ఈసారి నిజంగానే ఏడుపొచ్చింది.

పందిరి బయట భుజంగరావు గారి ఓపిక చచ్చిపోయింది. "ఊరికే తీసుకు చావండిరా!" అని అరిచి, రెండు చేతులూ హారన్ మీద వేసి నొక్కిపట్టాడు. పీ... అని పందిరి అదిరింది. పెళ్ళికొడుకు ఉలిక్కిపడి మూడు ముళ్ళూ ఒక్క ఊపులో వేసేశాడు. అక్షింతలు కురిశాయి.

"ఇదిరా గట్టిమేళమంటే!" అని శోభనాద్రి గారు నాంచారయ్యని కావలించుకున్నాడు. పెళ్ళికొడుకు మేనమామ అక్కడికక్కడే బుధవారం పెళ్ళికి తాంబూలమిచ్చాడు.

ముగ్గురూ చెవులు కొరుక్కున్నారు. కారు ఊరికే ఇస్తానన్నాడు, అంటే రోగముంది, ముట్టుకోకూడదు. జనానికి నచ్చింది హారన్. డోలెవడిక్కావాలి?

"అయ్యగారూ, మీ కారు మాకొద్దు, డోలు కూడా మీరే ఉంచుకోండి. ఆ లక్షకి హారన్ ఒక్కటి ఊడదీసివ్వండి."

పెద్దాయన వద్దని చెప్పి చూశాడు, డబ్బు తిరిగివ్వబోయాడు. ఈ ముగ్గురూ మళ్ళీ లేచి నడవబోయారు. ఆయన హడలిపోయి, మారుమాట లేకుండా స్క్రూలు విప్పి హారన్ చేతిలో పెట్టాడు.

హారన్ని పళ్ళెంలో పెట్టుకుని, పసుపూ కుంకుమా పెట్టి, నడుచుకుంటూ ఇంటికొచ్చారు. గుమ్మంలోనే పేరయ్య ఎదురొచ్చాడు.

"కారేదిరా?"

"కారెందుకు బావా? ఇది విను." నాంచారయ్య హారన్ నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కోటిలింగం నొక్కాడు. వీరాస్వామి బోర్లించి నొక్కాడు. కిక్కురుమనలేదు.

పేరయ్య నెత్తిన చేతులు పెట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. నెమ్మదిగా నాంచారయ్య మొహం వెలిగిపోయింది.

"లోపం దొరికిందిరోయ్! లోపానికి ఐదువేలు! పదండి, పదండి!"

ముగ్గురూ తువ్వాళ్ళు మొహాన కప్పుకుని, భోరున ఏడుస్తూ, భుజంగరావు గారింటికి బయల్దేరారు.