అచ్చాయమ్మ కుడిచెయ్యి

అనగనగా గోదారి గట్టు కింద ఒక ఊళ్ళో అచ్చాయమ్మ అని ఒకావిడ ఉండేదమ్మా. పూతరేకులు చేసేది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, గుడ్డని బియ్యప్పిండి నీళ్ళలో ముంచి, కుండ మీద ఒక్కసారి అలా పరిచి లాగేసేది. కాగితం కంటే పల్చటి రేకు లేచొచ్చేది. చెయ్యి కాలదా అంటావా? ఆవిడ చెయ్యి అంత చురుకు మరి.

ఒకరోజు పొద్దున్న గుడ్డ పట్టుకుని ఉండగానే కుడిచెయ్యి వాలిపోయింది. మూతి వంకర పోయింది. కూతురు వరాలు అప్పుడు పురిటికొచ్చి ఉంది. నిండు నెలలతోనే అమ్మని ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. మెదడుకి రక్తం వెళ్ళే దారి ఒకటి పూడుకుపోయిందన్నారు. ప్రాణం దక్కింది. మాట దక్కింది. చెయ్యి మాత్రం దక్కలేదు.

ఆ తర్వాత చేతికి కసరత్తు చేయించడానికి నీలోఫర్ అనే అమ్మాయి ఇంటికొచ్చేది. పళ్ళెంలో శనగలు పోసి, "ఒక్కొక్కటే తీసి గిన్నెలో వెయ్యండి పిన్నిగారూ" అంది.

మొదటి నెల ఒక్క శనగా లేవలేదు. అచ్చాయమ్మ పళ్ళెం తోసేసింది. "ఇది నా చెయ్యి కాదమ్మా, చచ్చిపోయింది" అని ఏడ్చింది.

అప్పుడు నీలోఫర్ పక్కన కూర్చుంది.

"చెయ్యి బాగానే ఉంది పిన్నిగారూ. దానికి కబురు పంపే నరాల కణాలు కొన్ని మెదడులో పోయాయి. పక్కన బతికున్నవి సన్నటి కొమ్మలు చాచి ఇంకో కణం కోసం వెతుక్కుంటాయి. దొరికాక అతుక్కుపోవు, కంటికి కనపడనంత సందు ఉంచుకుని ఎదురెదురుగా నిలబడతాయి. ఆ సందులోకి ఒకటి మందు లాంటిది వదుల్తుంది, రెండోది అందుకుంటుంది. ఆ చోటునే సినాప్స్ అంటాం. కబురు నడుస్తుంటే అది గట్టిపడుతుంది. నడవకపోతే కొమ్మ వెనక్కెళ్ళిపోతుంది. శనగ లేవకపోయినా సరే, మీరు ప్రయత్నించిన ప్రతిసారీ లోపల కబురు బయల్దేరుతుంది."

అచ్చాయమ్మ ముక్కు తుడుచుకుంది. పళ్ళెం మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

రెండో నెల బొటనవేలు కదిలింది. అప్పటికే వరాలుకి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లకి మూడు నెలలొచ్చాక అమ్మ చేతి గాజులు అందుకోబోయి తన ముక్కు మీదే కొట్టుకునేది.

"దీని తల్లో కూడా కొమ్మలు ఇప్పుడిప్పుడే కలుస్తున్నాయి" అంది నీలోఫర్.

"అయితే మేమిద్దరం ఒకటే క్లాసు!" అని అచ్చాయమ్మ పకపకా నవ్వింది. చెయ్యి పడిపోయినప్పట్నించీ అదే మొదటి నవ్వు.

ఆ తర్వాత రోజూ ఇద్దరూ కలిసే నేర్చుకున్నారు. పిల్ల గిలక్కాయ కోసం, ఆవిడ శనగల కోసం.

ఒక మధ్యాహ్నం పిల్ల మంచం మీద బోర్లాపడి అంచుదాకా దొర్లింది. పక్కనే కుర్చీలో అచ్చాయమ్మ ఉంది, మంచం ఆవిడకి కుడివైపు. "వరాలూ!" అని కేకేసింది.

వరాలు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి పిల్ల మంచం చివర వేలాడుతోంది. గౌను అచ్చాయమ్మ గుప్పిట్లో ఉంది.

వరాలు గబుక్కున పిల్లని ఎత్తుకుంది. గుప్పిలి మాత్రం విడలేదు.

"అమ్మా, ఏ చేత్తో పట్టుకున్నావో చూసుకో!"

అచ్చాయమ్మ చూసుకుంది. కుడిచెయ్యి. వదులుదామన్నా వేళ్ళు విడలేదు. పట్టుకోవడం వచ్చింది గానీ, వదలడం దానికింకా రాదు మరి.

అప్పుడు వరాలు ఒక్కో వేలినీ ముద్దుపెట్టుకుంటూ మెల్లిగా విప్పింది.

కథ కంచికి చేరింది, నా తల్లి కంటికి కునుకు చేరింది.