గేదె వీపులో నూరోభాగం

మధ్యాహ్నం మూడు గంటలు. మబ్బు పట్టింది, గాలి లేదు.

నేను కోడిని. పేరు నాంచారమ్మ. కాలవ అవతల కళ్ళంలో గింజలు ఏరుకుని, ఎనిమిదిమంది పిల్లలతో ఇంటికి పోదామని గట్టు మీద నిలబడ్డాను. కాలవ నిండుగా ఉంది. మాకా, ఈత రాదు.

మమ్మల్ని దాటించేది గేదె బంగారక్క. పిల్లకి ఒక గరిక పరక, పెద్దవాళ్ళకి రెండు. పొద్దు వాలేసరికి ఆమె కడుపు నిండేది.

ఆ రోజు ఆమె పక్కన నక్క శేషగిరి కూర్చుని ఉన్నాడు. ముందు ఒక గడ్డిమోపు.

"అక్కా, ఈ మోపు నీకే. నీ వ్యాపారాన్ని నూరు భాగాలు చేసి, ఒక్క భాగం నాకియ్యి."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. భాగం ఒక మోపైతే, మొత్తం నువ్వెంత?"

బంగారక్క చాలాసేపు తోక ఊపింది. "నూరు మోపులా?"

"నేననలేదు. లెక్క అంటోంది."

బంగారక్క మెడ జానెడు పొడుగైంది. అక్కడే మేస్తున్న మేకపోతు లింగన్న పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, నాకూ ఒక భాగం! రెండు మోపులిస్తా!"

"చూశావా? నిమిషంలో రెండొందలయ్యావు" అన్నాడు శేషగిరి.

"నీ దగ్గర మోపులేవిరా లింగన్నా?" అన్నాను.

"ఇస్తానన్నాను పిన్నీ. ఉన్నాయన్నానా?"

బంగారక్క ఇదేమీ వినలేదు. వచ్చిన మోపు నమిలేసింది.

"ఇక నుంచి పరకలు తీసుకోకు" అన్నాడు శేషగిరి. "పిల్లలకి ఉచితం. ఎంతమంది ఎక్కితే నీ విలువ అంత పెరుగుతుంది."

"మరి రేపు నా కడుపు?"

"ఇప్పుడు కడుపు చూసుకోకూడదక్కా. ఎదుగుదల చూడాలి."

ఉచితం అన్న మాట చెవిన పడగానే నా ఎనిమిదిమందీ వీపెక్కేశారు. నేను నోరు తెరిచేలోగానే. వాళ్ళ వెనకే శేషగిరి ఎక్కాడు. "పెట్టుబడి పెట్టినవాణ్ణి. దగ్గరుండి చూసుకోవాలి కదా. తల్లులకి చోటు లేదు పిన్నీ." నాలుకతో మూతి తుడుచుకున్నాడు.

ఎగిరి బంగారక్క తల మీద వాలాను. ఆమె నీళ్ళలోకి దిగింది.

సగం దూరం వెళ్ళామో లేదో, మబ్బు విడి ఎండ కాసింది. ఎండ తగిలి, చుట్టూ నీళ్ళుంటే గేదె కూర్చుంటుంది. మాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. శేషగిరి అడవిలో పెరిగినవాడు.

"పిల్లలూ, అక్క కొమ్ములెక్కండి. అక్కణ్ణించి మనిల్లు కనిపిస్తుంది" అన్నాను.

"ఎందుకు, ఇక్కడ మెత్తగా లేదూ?" అని వాడంటుండగానే బిలబిలమంటూ ఎక్కేశారు.

చెవి దగ్గర వంగాను. "బంగారక్కా, కాళ్ళు లాగడం లేదూ? నీళ్ళు చల్లగా ఉన్నాయి."

"అవునే. కూర్చోనా?"

"కూర్చోకు!" శేషగిరి కేకేశాడు. "నీ విలువ పడిపోతుంది!"

"రెండొందల మోపుల దాన్ని. కాసేపు కూర్చుంటే ఎంత తగ్గుతుందిలే!"

"నేను భాగస్వామిని! నా మాట వినాలి!"

బంగారక్క ఆలోచించింది. ఆమె ఆలోచించడం అదే మొదటిసారి అనుకుంటాను.

"నీది ఒక్క భాగమే కద తమ్ముడూ. తొంభైతొమ్మిది నావి. నావి కూర్చుంటున్నాయి. నీది నువ్వు నిలబెట్టుకో."

కూర్చుంది. వీపు మునిగింది. తల, కొమ్ములు పైన మిగిలాయి.

శేషగిరి కొట్టుకుపోయి, దిగువన తూటికాడల్లో తేలాడు. "నా మోపు నాకిచ్చెయ్!"

"తినేశాను తమ్ముడూ. నీ భాగం ఎక్కడికీ పోదు. ఎప్పుడైనా వచ్చి ఎక్కు."

మేం బయల్దేరిన గట్టు మీంచి లింగన్న అరిచాడు. "శేషగిరీ! నీ భాగానికి ఇప్పుడైతే ఒక పరకిస్తా. అమ్ముతావా?"

ఒక్క మోపు చూపించి నీ విలువ నూరు మోపులన్నవాణ్ణి, మిగతా తొంభైతొమ్మిదీ ఎక్కడున్నాయో అడగాలి.

బంగారక్క తీరిగ్గా లేచి, మమ్మల్ని ఒడ్డుకి చేర్చింది. పిల్లల్ని వరసలో నిలబెట్టి లెక్కపెట్టాను. ఏడుగురు. మళ్ళీ లెక్కపెట్టాను. ఏడుగురే. కాలవ వైపు పరుగెత్తాను.

"నాంచారమ్మా" అంది బంగారక్క, తల కదపకుండా. "నా చెవిలో ఎవరో గురక పెడుతున్నారే."

ఎనిమిది.